స్వచ్ఛంద గ్రామాభివృద్ధి సంస్థలు: సబ్బవరం, ఉత్తరాంధ్ర

జీతం తీసుకోకుండానో, నామమాత్రపు భృతితోనో కొందరు కలిసి ఒక ఊరి చదువు, ఆరోగ్యం, నీరు, సాగు, ఆదాయం బాగుపడాలని నడిపే సంస్థను స్వచ్ఛంద గ్రామాభివృద్ధి సంస్థ అంటారు. చట్టం దృష్టిలో అది ట్రస్టు కావచ్చు, సొసైటీ కావచ్చు, లాభాపేక్ష లేని కంపెనీ కావచ్చు. అన్నదానం, దుప్పట్ల పంపిణీ ఆ పూట అవసరం తీరుస్తాయి. ఆ అవసరం మళ్లీ తలెత్తకుండా చూడాలని పూనుకునేది గ్రామాభివృద్ధి సంస్థ. ప్రభుత్వ పథకాలను ఇంటింటికీ చేర్చడానికి 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గౌరవ వేతనంపై నియమించిన గ్రామ వాలంటీర్ల వ్యవస్థ వేరు. ఈ వ్యాసం దాని గురించి కాదు.

ఒక వైపు విశాఖ రేవు, ఉక్కు కర్మాగారం. మరో వైపు తూర్పు కనుమల గిరిజన గూడేలు. నడుమ సబ్బవరం వంటి మెట్ట, మాగాణి పల్లెలు. ఉత్తరాంధ్రలోని ఈ మూడు రకాల నేలల మీదా స్వచ్ఛంద సంస్థలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. బయటివారు ఎంత మంచి మనసుతో వచ్చినా, పనినీ లెక్కనూ ఊరివాళ్లు తమ చేతుల్లోకి తీసుకున్న చోటే ఆ సేవ నిలబడిందని వాటి అనుభవం చెబుతుంది.

నేపథ్యం

భారతదేశంలో పల్లెను కేంద్రంగా చేసుకున్న సేవా ప్రయోగాలు 1920లలో ఊపందుకున్నాయి. 1921లో మార్తాండంలో వై.ఎం.సి.ఎ. తరఫున స్పెన్సర్ హాచ్, 1922లో శ్రీనికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ దారి తొక్కారు. గాంధీజీ నిర్మాణ కార్యక్రమం ఖద్దరును, పారిశుద్ధ్యాన్ని, అస్పృశ్యతా నివారణను స్వాతంత్ర్యోద్యమంలో భాగం చేసింది. శ్రీకాకుళం ప్రాంతంలో పొందూరు నేతకు వచ్చిన పేరు ఆ కాలపు చలవే. విశాఖపట్నంలో 1930లో మొదలైన ప్రేమ సమాజం అనాథలకు, వృద్ధులకు ఆశ్రయమిచ్చి ఈ నగరంలో వ్యవస్థాగతమైన సేవకు పునాది వేసింది.

స్వాతంత్ర్యం వచ్చాక పల్లె బాగును ప్రభుత్వం తన భుజాన వేసుకుంది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం ఆరంభమైంది. 1957 నాటి బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసుల మేరకు 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాయి. అయితే బ్లాకు ఆఫీసు నుంచి వచ్చే పథకం ఊరి చివరి వీధి దాకా చేరలేదు. ఆ ఖాళీలోకి స్వచ్ఛంద సంస్థలు అడుగుపెట్టాయి. 1969లో అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) కరువు నేల మీద పెద్ద ఎత్తున పనిచేసింది. అదే ఏడాది మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) కాలేజీ విద్యార్థులను పల్లెబాట పట్టించింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత దేశం నలుమూలల నుంచీ సేవకులు తీరాంధ్రకు తరలివచ్చారు. సాయం కోసం వచ్చి, శాశ్వతమైన పనిలో దిగినవారూ వారిలో ఉన్నారు.

దిమిలి నుంచి హరిపురానికి

ఉత్తరాంధ్రలో ఈ రంగానికి తొలి పెద్ద ఉదాహరణ భాగవతుల చారిటబుల్ ట్రస్టు. దీని స్థాపకుడు డాక్టర్ భాగవతుల వెంకట పరమేశ్వరరావు సొంత ఊరు రాంబిల్లి మండలంలోని దిమిలి. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందిన ఈ శాస్త్రవేత్త 1960లలో స్వదేశానికి తిరిగొచ్చారు. పరిశోధనా రంగంలో మంచి ఉద్యోగం చేసుకునే వీలున్నా, ఊళ్లో ఉన్నత పాఠశాల లేదన్న సంగతి ఆయన్ని దిమిలిలోనే ఆపేసింది. ఊరివాళ్లను కూర్చోబెట్టి ఒప్పించి, వాళ్లిచ్చిన భూమితో, చందాలతో బడి కట్టించారు. ఆ బడి అనుభవమే తరువాతి పనులకు బాట వేసింది. 1976లో ట్రస్టు ఏర్పడింది. యలమంచిలి దగ్గరి హరిపురం దానికి కేంద్రమైంది.

ట్రస్టు పని బడితో ఆగలేదు. బడి మానేసిన పిల్లలకు అనియత విద్య, మహిళలకు పొదుపు సంఘాలు, పంచదార్ల కొండ పరిసరాల్లో బీడు నేలల మీద చెట్ల పెంపకం, రైతులకు శిక్షణ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి మద్దతుతో నడిచే కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఈ ట్రస్టు ఆధ్వర్యంలోనే ఉంది. ప్రభుత్వ పరిశోధనా వ్యవస్థ ఒక స్వచ్ఛంద సంస్థను నమ్మి ఇలాంటి కేంద్రాన్ని అప్పగించడం మామూలు విషయం కాదు. పరమేశ్వరరావు 2019లో కన్నుమూశారు.

దిమిలి కథలో గమనించాల్సింది మొదటి అడుగు. పేదలని ఊరివాళ్లకు ఉచితంగా బడి కట్టి ఇవ్వలేదు. భూమీ, సొమ్మూ, శ్రమా వాళ్లే తెచ్చారు. పరమేశ్వరరావు తెచ్చింది ఆలోచన, పట్టుదల, ప్రభుత్వంతో మాట్లాడగల నేర్పు. ఊరు తన వాటా ముందు పెట్టడం, బయటివారు తమ వాటా తరువాత కలపడం అనే ఈ పద్ధతి ఉత్తరాంధ్రలో చాలా సంస్థలకు వాడుక అయింది.

మన్యం: ఊటనీరు, భూమి హక్కు

కొండ ఊళ్లలో మొదటి సమస్య తాగునీరు. గెడ్డ నీళ్లే తాగాల్సి రావడంతో వానాకాలం వస్తే విరేచనాలు, జ్వరాలు. బోరు వేద్దామంటే రాయి. మోటారు పెడదామంటే కరెంటు నిలకడ లేదు. ఇక్కడ పనికొచ్చిన ఉపాయం, నీటిని దాని వాలు మీదే ఊరికి దింపడం. నర్సీపట్నం కేంద్రంగా పనిచేసిన విశాఖ జిల్లా నవ నిర్మాణ సమితి మన్యంలో ఈ రకం ఊటనీటి పథకాలకు పేరు తెచ్చుకుంది.

ఈ పథకం పనిచేసే తీరు సులువైనది. ఊరికన్నా ఎత్తున, ఎండాకాలంలోనూ ఆగని ఊటను ఊరి పెద్దలే చూపిస్తారు. ఊట చుట్టూ చిన్న తొట్టి కట్టి, పశువులు దిగకుండా మూసేస్తారు. నీరు కంకర, ఇసుక పొరల గుండా వడకట్టుకుని నిల్వ ట్యాంకులోకి చేరుతుంది. అక్కడి నుంచి గొట్టాల్లో వాలుకు దిగి వీధి కుళాయిల్లోకి వస్తుంది. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. గొట్టాలు పూడ్చడానికి కందకం తవ్వే పని ఊరిది. ఇంటికొకరు చొప్పున దిగుతారు. గొట్టాలు, సిమెంటు సంస్థ తెస్తుంది. ఊరి కుర్రాళ్లలో ఇద్దరు ముగ్గురికి వాల్వు మార్చడం, ఇసుక పొర కడగడం నేర్పుతారు. ఇంటింటికీ నెలవారీ కొద్ది మొత్తం వసూలు చేసి రిపేర్ల కోసం దాచుతారు. ఇసుక కడగడం మానేసిన ఊళ్లో కుళాయి కొన్నాళ్లకే మూగబోతుంది. వసూలు క్రమంగా సాగిన ఊళ్లో అదే పథకం ఏళ్ల తరబడి నడుస్తుంది. ఎగువ కొండ మీద అడవి నరికితే ఊట ఎండిపోతుంది కాబట్టి, కుళాయిని కాపాడుకోవాలంటే అడవినీ కాపాడుకోవాల్సిందే.

భూమి విషయంలో ‘సమత’ సంస్థది చరిత్రలో నిలిచిన పాత్ర. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజన భూముల్లో ప్రైవేటు గనుల లీజులను ఇది న్యాయస్థానంలో సవాలు చేసింది. 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని తేల్చింది. 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన, జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచిన చట్టం, ఈ తీర్పుకు ఆధారం. తవ్వకాల లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి కేటాయించాలన్న సూచనా అందులో ఉంది. బావి తవ్వడం ఎంత సేవో, ఆ బావి ఉన్న నేల ఆ ఊరిదేనని నిరూపించడమూ అంతే సేవ అని సమత తీర్పు చాటింది.

ప్రవాసుల తోడ్పాటు

పూర్తిగా వాలంటీర్లతో నడిచే సంస్థల్లో తెలుగువారికి చిరపరిచితమైనది అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్ (ఎయిడ్). 1991లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిగా ఉన్న కూచిమంచి రవి దీన్ని ఆరంభించారు. తొలినాళ్లలోనే చేరిన పిల్లలమర్రి అరవింద, రవి దంపతులై, తరువాత భారతదేశానికి తిరిగొచ్చి పల్లెల్లో పనిచేశారు. సంస్థ నినాదంలో సేవ, నిర్మాణంతో పాటు సంఘర్షణ కూడా ఉంది: కుళాయి బిగించడమూ, కుళాయి ఎందుకు లేదని నిలదీయడమూ రెండూ తమ పనే అని దాని అర్థం.

ఎయిడ్ పని జరిగే తీరు ఈ రంగంలోని వారు చూసి నేర్చుకోదగ్గది. శాఖ ఉన్న ఊళ్లో విద్యార్థులు, ఉద్యోగులు వారం వారం కలుస్తారు. భారతదేశం నుంచి వచ్చిన ప్రతిపాదనను చదివి ప్రశ్నలు వేస్తారు. సెలవుల్లో స్వదేశానికి వచ్చిన వాలంటీరు ఆ ఊరికి వెళ్లి చూసి నివేదిక ఇస్తారు. ఆ తరువాతే సభ్యులు నిర్ణయం తీసుకుంటారు. సొమ్ము పంపేవాడికీ, అందుకునేవాడికీ మధ్య ఊరిని కళ్లారా చూసిన మనిషి ఒకరు ఉండటం ఈ పద్ధతికి ప్రాణం.

నర్మదా లోయలో మహారాష్ట్రలోని బిల్‌గావ్ అనే ఆదివాసీ ఊళ్లో 2003లో వెలిగిన 15 కిలోవాట్ల చిన్న జలవిద్యుత్ పథకానికి ఎయిడ్ అండగా నిలిచింది. ఇంజనీర్లు కేరళ నుంచి వచ్చారు. ఊరివాళ్లు శ్రమదానం చేశారు. 2004లో విడుదలైన ‘స్వదేశ్’ హిందీ చిత్రంలో ఊరికి కరెంటు వచ్చే ఘట్టం చూసినవారికి బిల్‌గావ్ గుర్తొస్తుంది. 2006లో నర్మద ఆనకట్ట వల్ల వచ్చిన వరద ఆ పథకాన్ని ముంచేసింది. ఊరు చెమటోడ్చి కట్టుకున్నదాన్ని ఊరి చేతిలో లేని పెద్ద నిర్ణయాలు తుడిచిపెట్టగలవనే కఠిన సత్యం కూడా ఈ కథలో ఉంది.

పొరుగున కాకినాడలో శంకురాత్రి ఫౌండేషన్ మరో రకం. 1985లో ఎయిరిండియా కనిష్క విమానంలో జరిగిన బాంబు పేలుడులో భార్యనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్న డాక్టర్ శంకురాత్రి చంద్రశేఖర్ కెనడాలో ఉద్యోగం వదిలి వచ్చి 1989లో దీన్ని స్థాపించారు. కుమార్తె పేరున శారదా విద్యాలయం, కుమారుడి పేరున శ్రీకిరణ్ కంటి ఆసుపత్రి పల్లె పేదలకు సేవ చేస్తున్నాయి. భారత ప్రభుత్వం ఆయన్ని 2023లో పద్మశ్రీతో గౌరవించింది.

సబ్బవరం: నగరం అంచున పల్లెలు

పెందుర్తికీ అనకాపల్లికీ నడుమ ఉన్న మండల కేంద్రం సబ్బవరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. శాసనసభ నియోజకవర్గం పెందుర్తి. 2008లో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. మండలంలోని వంగలిలో పెట్రోలియం, ఇంధన జాతీయ సంస్థకు స్థలం కేటాయించారు. అనకాపల్లి, ఆనందపురం మధ్య ఆరు వరసల జాతీయ రహదారి ఈ మండలం మీదుగానే వెళ్తుంది.

కొండ ఊరికి నీళ్ల కష్టం, కరువు ఊరికి పని కష్టం అయితే, సబ్బవరం వంటి పల్లెకు వచ్చిన కష్టం నగరం దగ్గరవడం. వరి, చెరకు పండిన చేను లేఅవుటు అవుతోంది. అమ్మిన ఆసామికి సొమ్ము ముడుతుంది. ఆ చేను కౌలుకు చేసిన రైతుకు, అందులో నాట్లు వేసి కలుపు తీసిన ఆడకూలీలకు మాత్రం పని పోతుంది, పరిహారం రాదు. కుర్రాళ్లు ఉక్కు నగరం వైపో, పరవాడ ఫార్మా కంపెనీల వైపో కాంట్రాక్టు పనులకు పోతారు. చెరువు గట్టు కరిగిపోతుంది, కాలువ మీద ప్లాటు లేస్తుంది.

ఈ ప్రాంతానికి ఇలాంటి అనుభవం కొత్త కాదు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంతో 1966లో సాగిన ఉద్యమ ఫలితంగా వచ్చిన కర్మాగారానికి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. అందుకోసం ఊళ్లు ఖాళీ చేసిన నిర్వాసితుల చేతుల్లోని ఆర్-కార్డుల (పునరావాస కార్డుల) గొడవ దశాబ్దాల పాటు సాగింది. పరిహారం అందాక చేతిలో సొమ్ము ఎలా నిలుపుకోవాలి, ఉద్యోగ హక్కును ఏ కాగితంతో నిరూపించాలి అన్నది చెప్పే మనిషి పక్కన లేక నష్టపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

అందువల్ల ఇక్కడ స్వచ్ఛంద సేవకు దారులు వేరు. కౌలు రైతుకు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు ఇప్పించడం, భవన నిర్మాణ కార్మికుణ్ణి సంక్షేమ బోర్డులో చేర్పించడం, చెరువు భూమి వివరాలను సమాచార హక్కు చట్టం కింద రాబట్టడం వీటిలో ముఖ్యమైనవి. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. న్యాయ విశ్వవిద్యాలయం ఉన్న మండలంలో ఈ హక్కు ప్రతి రచ్చబండ దగ్గరా తెలిసి ఉండాలి. అర్జీ రాయడం వచ్చిన ఒక్క విద్యార్థి, ఆదివారం పూట ఊరి రామకోవెల అరుగు మీద కూర్చుంటే, కుట్టు మిషన్ల పంపిణీ కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

పొదుపు సంఘం: పాలన నేర్పిన బడి

గ్రామాభివృద్ధి సంస్థలు వేసిన విత్తుల్లో బాగా ఎదిగింది మహిళల పొదుపు సంఘం. 1980లలో డ్వాక్రా పథకం, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం ఆడవాళ్లను ఒకచోట చేర్చాయి. ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ కలిసి ఆ ఊపును పొదుపు వైపు నడిపాయి.

సంఘంలో పది పదిహేను మంది ఉంటారు. అనుకున్న తేదీన ఒకరింటి అరుగు మీద చాప పరుస్తారు. ఎవరి పొదుపు వారు నలుగురి ఎదుటా పెడతారు. పుస్తకాలు రాసే ఆమె మొత్తం కూడి పైకి చదువుతుంది. ఎవరికి అప్పు కావాలో, ఎందుకో చెప్పాలి: అమ్మాయి ఫీజా, గేదె కొనుగోలా, ఆసుపత్రి ఖర్చా. అందరూ ఒప్పుకున్నాక తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు పెడతారు. సంతకం రానివారు వేలిముద్ర వేస్తారు. కిస్తీ కట్టలేనివారి సంగతీ అక్కడే తేలుతుంది. సంఘాలు కలిసి గ్రామ సంఘం, అవి కలిసి మండల సమాఖ్య. సొమ్ము లెక్క నలుగురిలో అడగడం, చెప్పడం అలవాటైన ఆడవాళ్లు తరువాత పంచాయతీ ఆఫీసులోనూ అడుగుతారు. స్వచ్ఛంద సంస్థ కార్యకర్త చేయాల్సింది మొదటి కొన్నాళ్లు పుస్తకం రాయడం నేర్పి, ఆ కలం ఊరి ఆడపడుచు చేతికిచ్చి లేచిపోవడం.

ఆపద వేళ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. చెట్లూ స్తంభాలూ కూలి, కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. నగరానికి వార్తల వల్ల సాయం త్వరగా చేరింది. లోపలి పల్లెలకు ఆలస్యమైంది. ఇలాంటప్పుడు, ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉందో, ఏ ఇంట్లో బాలింత ఉందో ముందే తెలిసిన సంస్థ చేసే సాయానికీ, లారీ ఆపి పొట్లాలు విసిరి వెళ్లేవారి సాయానికీ పోలికే లేదు. ఆపదలో చురుగ్గా పనిచేయాలంటే మామూలు రోజుల్లో ఊరితో చుట్టరికం ఉండాలి.

చట్టం, సొమ్ము, లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో సొసైటీని 2001 నాటి సంఘాల నమోదు చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో నమోదు చేస్తారు. ట్రస్టుకు సబ్ రిజిస్ట్రారు దగ్గర దస్తావేజు, కంపెనీ రూపానికి 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ వర్తిస్తాయి. దాతకు ఆదాయపు పన్నులో రాయితీ రావాలంటే సంస్థకు 80జి గుర్తింపు ఉండాలి.

విదేశీ విరాళానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి తప్పనిసరి. 2020 సవరణతో ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలోనే జమ కావాలి. మరో సంస్థకు బదలాయించకూడదు. పాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థ తెచ్చిన నిధితో మారుమూల పనిచేసే చిన్న సంస్థలకు ఈ బదలాయింపు నిషేధం వల్ల దారి మూసుకుపోయింది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధి 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు వెచ్చించాలి. పరిశ్రమలు దట్టంగా ఉన్న విశాఖ, అనకాపల్లి జిల్లాలకు ఇది అవకాశమే. అయితే ఆ నిధి తరచుగా కట్టడాలకు, బోర్డు పెట్టగల పనులకు పోతుంది. కార్యకర్త నెలల తరబడి ఊరూరా తిరిగి సంఘం కట్టడానికి డబ్బు అడిగితే దొరకడం కష్టం.

పరిమితులు

స్వచ్ఛంద సంస్థలకు సాధారణంగా వచ్చే జబ్బులు తెలిసినవే. స్థాపకుడి పేరు మీదే సంస్థ నడిచి, ఆయన తరువాత చల్లబడటం ఒకటి. ప్రాజెక్టు గడువు తీరగానే బడి, బాలవాడి మూతపడటం మరొకటి. ఊరి పెద్దల ద్వారానే పనిచేస్తే కుళాయి పెద్ద వీధిలో పడుతుంది. దళితవాడకు పైపు చాలలేదనే మాట వినిపిస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక గ్రామసభకు అధికారం ఉన్నా, దాన్ని పక్కనపెట్టి సొంత కమిటీ వేసుకునే సంస్థ పంచాయతీని బలహీనపరుస్తుంది.

వాలంటీరు సమయానికీ ఖరీదు ఉంది. నగరం నుంచి ఆదివారం వచ్చి సాయంత్రం వెళ్లేవారి ఉత్సాహం పంటకాలంలో ఊరి తీరికతో కలవదు. రెండేళ్లు పాఠం చెప్పిన విద్యార్థి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే పిల్లలకు కొత్త మాస్టారు కావాలి. ఊరిలోనే ఉండే ఒకరిద్దరికి బతకడానికి సరిపడా భృతి ఇచ్చి, మిగిలినవారు వాళ్లకు దన్నుగా నిలిచిన సంస్థలే ఈ చిక్కు నుంచి బయటపడ్డాయి.

మూల్యాంకనం

ఒక స్వచ్ఛంద సంస్థ పని బాగుందా లేదా అన్నది దాని నివేదికలోని ఫొటోలు చెప్పలేవు. ఊళ్లో అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. ఈ పని కావాలని మొదట అడిగింది ఎవరు? ఊరి వాటా ఏమిటి? జమాఖర్చులు ఊళ్లో ఎవరైనా చూడగలరా? కార్యకర్తలు రేపు వెళ్లిపోతే ఈ పని ఎవరు నడుపుతారు? దిమిలి బడికీ, మన్యంలో నడుస్తున్న ఊటనీటి కుళాయికీ, అరుగు మీది పొదుపు సంఘానికీ ఈ ప్రశ్నలకు జవాబులున్నాయి. ఊరు ప్రతి ఏడాదీ మారిపోతున్న సబ్బవరం మండలంలో సేవకు పూనుకునేవారు తమ సంస్థకు పేరు పెట్టే ముందే, వీటి జవాబులను గ్రామసభలో నలుగురి ఎదుటా రాయించుకోవాలి.